నీళ్ళు వెళ్ళిపోయే తీరు

మస్తాన్‌వలి అడిగిన ప్రశ్నకి సువార్త మేడమ్ జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. అతను వినుకొండ నుంచి వచ్చి, విశాఖపట్నంలో సముద్రం కనపడే కొండవాలు మీదున్న పరిశోధనాలయంలో చేరిన కొత్తలో, ఆవిడ అడక్కుండానే చెప్పేవారు. కొలిమి ఎలా వెలిగించాలో, కరిగిన లోహం ఏ రంగుకి తిరిగినప్పుడు వదలాలో, రాగి చక్రాన్ని ఎంత మెత్తని బట్టతో తుడవాలో పక్కన నిలబడి చూపించేవారు. చెయ్యి వణికితే మణికట్టు పట్టుకుని నిలిపేవారు.

తరవాత తరవాత పొద్దున పూట మాత్రం వచ్చి చూసిపోయేవారు. ఇంకొన్నాళ్ళకి గుమ్మం దాకానే వచ్చి, ఏమైందని అడిగి వెనక్కి తిరిగేవారు. ఇప్పుడు అదీ లేదు. అతనే వెళ్ళి అడిగితే కళ్ళజోడు పైకి నెట్టుకుని, నువ్వేమనుకుంటున్నావని ఎదురు అడిగేవారు. అనుకున్నది చెబితే "ఊఁ" అనేవారు. ఆ ఊఁ అంటే అవునో కాదో ఆ కొండ మీద ఎవరికీ తెలీదు.

నెలాఖరుకి ఆవిడ రిటైరవుతున్నారు. పోయే మనిషికి ఇంక మన గొడవ దేనికిలే అని మస్తాన్ లోలోపల నొచ్చుకున్నాడు. తనమీద కోపమేమో అని ఒకనాడూ, వీడి వల్ల కాదని తేల్చేసుకున్నారేమో అని ఇంకోనాడూ అనుకున్నాడు. నొచ్చుకున్నాడు గాని పని మాత్రం ఆపలేదు.

వాళ్ళ పని చెప్పడానికి తేలిక, చెయ్యబోతే తెలుస్తుంది. మామూలుగా కరిగిన లోహం చల్లారేటప్పుడు లోపల అణువులు బడిపిల్లల్లా వరసలు కట్టి నిలబడతాయి. ఆ వ్యవధి వాటికి ఇవ్వకుండా, గిర్రున తిరిగే రాగి చక్రం మీదికి సన్నటి ధారగా చిమ్మితే, ఎక్కడివక్కడే బిగుసుకుపోతాయి. పైకి లోహమే, లోపల మాత్రం గాజు తీరు. దాన్ని లోహపు గాజు అంటారు. చక్రం మీంచి అది వెండి రిబ్బనులా ఎగిరొచ్చి పడుతుంది.

మస్తాన్ చేసే రిబ్బనులో రెండు రకాల గాజు ఉంటుంది, పురికొసలో రెండు పేటల్లాగ ఒకదాన్నొకటి పెనవేసుకుని. రిబ్బనుని ఆమ్లంలో వేస్తే ఒక పేట కరిగిపోయి రెండోది మిగులుతుంది. కరిగిపోయిన చోటల్లా చిల్లు. కంటికి ఆనే చిల్లులు కావవి, వెంట్రుక మందంలో వేలకొద్దీ పట్టేంత సన్నవి. ఆ చిల్లుల గోడల మీద రసాయనాల పని మహా చురుగ్గా సాగుతుందని, ముందు ముందు నీళ్ళలోంచి ఇంధనం తియ్యడానికి ఇలాంటివే పనికొస్తాయని వాళ్ళ ఆశ.

వినుకొండలో పరుపులు కుట్టే వాళ్ళ నాన్న, ఇంతకీ నువ్వక్కడ ఏం తయారుచేస్తావురా అని ఒకసారి ఫోనులో అడిగాడు. చిల్లులు నాన్నా అన్నాడు మస్తాన్. చిల్లులకి ఇన్నేళ్ళ చదువు దేనికిరా, ఇంట్లో పాత దుప్పట్లున్నాయి పంపించనా అని ఆయన చాలాసేపు నవ్వాడు.

అలాంటిది, ఆ వేసవిలో చిల్లులు నిజంగానే పడ్డాయి. ఆమ్లంలోంచి తీసి నీళ్ళలో కడిగి, నీళ్ళలో ఉండగానే మస్తాన్ కొలిచి చూశాడు. గోరంత ముక్క లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే పెద్ద చేతిరుమాలంత అవుతాయని లెక్క తేలింది. అతను ఆ కాగితం పట్టుకుని కారిడార్లో అటూ ఇటూ తిరిగాడు. ఎవరు ఎదురైతే వాళ్ళకి చెప్పాడు. ఆఖరికి క్యాంటీన్లో టీ పోసే ఆయనకి కూడా చెప్పాడు. ఆయన శుభం అన్నాడు.

ఆ వారం శాఖ వాళ్ళ సమావేశంలో మస్తాన్ లేచి నిలబడి, పని అయిపోయింది, వచ్చేవారం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫోటో తీసి చూపిస్తాను అన్నాడు. కొంచెం గొంతు పెంచే అన్నాడు. దానికి కారణముంది. మేడమ్ వెళ్ళిపోగానే వాళ్ళ ప్రయోగశాల గదిలో కంప్యూటర్లు పెట్టించాలని శాఖాధిపతి గారు ఎప్పణ్ణుంచో అనుకుంటున్నారు. చక్రమూ కొలిమీ గోడౌనుకి పోతాయి. ఫోటో చూపిస్తే మాత్రం గది మస్తాన్‌కే ఉంచుతామన్నారు. చూపించలేకపోతే నెలాఖరుకి తాళం.

మేడమ్ వెనక వరసలో కూర్చుని ఇదంతా విన్నారు. ఆ రోజు ఊఁ అని కూడా అనలేదు.

ఫోటో తియ్యాలంటే ముక్క పొడిగా ఉండాలి. తడి వస్తువుని ఆ మైక్రోస్కోపు దగ్గరికి రానివ్వరు. మస్తాన్ ముక్కని నీళ్ళలోంచి తీశాడు, దీపం కింద ఆరబెట్టాడు, తీసుకెళ్ళి పెట్టాడు. తెర మీద చిల్లులు లేవు. ఎండిపోయిన మడిలో మట్టిలాగ బీటలు, పెళ్ళలు. అంతే.

ఆమ్లం ఎక్కువైందేమో అనుకుని తగ్గించి చూశాడు. తగ్గిందేమో అనుకుని పెంచి చూశాడు. లోహాల పాళ్ళు మార్చి కొత్తగా కరిగించాడు, కొత్త రిబ్బను చేశాడు. ఏం చేసినా ఒకటే వరస. నీళ్ళలో కొలిస్తే చిల్లులున్నాయి. ఆరబెట్టి చూస్తే లేవు. వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పిన దయ్యం కూడా ఇంత పద్ధతిగా మాయమయ్యేది కాదు.

శాఖలో వాళ్ళు కనపడినప్పుడల్లా ఫోటో ఎప్పుడని అడగడం మొదలుపెట్టారు. టీ పోసే ఆయన కూడా అడిగాడు. మస్తాన్ టీ మానేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఇంక ఉండబట్టలేక మేడమ్ గదికి వెళ్ళాడు. ఆవిడ అన్నం డబ్బా ముందు పెట్టుకుని తింటున్నారు. మస్తాన్ నిలబడే మొత్తం చెప్పుకొచ్చాడు. తప్పు ఆమ్లానిదే, సందేహం లేదు, ఉన్న రిబ్బన్లన్నీ పారేసి మొదటి నుంచీ మళ్ళీ చేస్తాను, కాకపోతే నెలాఖరుకి కాదు, గది పోతుంది, పోతే పోయింది అన్నాడు.

మేడమ్ డబ్బా మూత పెట్టారు. లేచి చెయ్యి కడుక్కుని, అతని కంటే ముందు నడుస్తూ ప్రయోగశాలలోకి వచ్చారు. ఆవిడ ఆ గడప దాటి ఎన్నాళ్ళయిందో. మస్తాన్‌కి ఆ కాస్తకే ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు చెప్తారు, అన్నీ చెప్తారు అనుకుని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ ఒక గాజు గ్లాసు తీసి కుళాయి కింద నింపారు. రిబ్బను ముక్కలు విరగకుండా ఎత్తడానికి వాళ్ళు బొమ్మలు వేసే మెత్తని బ్రష్షు వాడతారు. అది తీసి నీళ్ళలో ముంచారు. వెంట్రుకలన్నీ మందార పువ్వు కేసరాల్లా మెల్లగా విచ్చుకున్నాయి.

బ్రష్షు పైకి తీశారు. నీళ్ళు జారి కింద పడ్డాయి. వెంట్రుకలన్నీ ఒకదానికొకటి అంటుకుని సూదిమొనలా అయిపోయాయి.

మళ్ళీ ముంచారు. విచ్చుకున్నాయి. మళ్ళీ తీశారు. సూదిమొన.

బ్రష్షు అతని చేతికిచ్చి అడిగారు, "ఏం చూశావు?"

"బ్రష్షు తడిసింది మేడమ్."

"ఊఁ."

పెరుగన్నం మిగిలిపోయిందని చెప్పి ఆవిడ వెళ్ళిపోయారు.

మస్తాన్‌కి చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. ఇన్నేళ్ళ తన పని పెరుగన్నం పాటి చెయ్యలేదా అనుకున్నాడు. వినుకొండ రైలెక్కి వెళ్ళిపోయి నాన్నతో కలిసి పరుపులు కుట్టుకోవడం మేలనుకున్నాడు. ఆ ఉక్రోషంలోనే బ్రష్షుని గ్లాసులో పడేశాడు.

అది వంకరగా పడి, వెంట్రుకలు విచ్చుకుని నిలబడింది.

కాసేపటికి తీశాడు. సూదిమొన. తడిసింది కాబట్టి అంటుకుంది, ఇందులో చూడాల్సిందేముంది అనుకున్నాడు. మళ్ళీ ముంచాడు. ముంచి, చెయ్యి అలాగే ఉంచేశాడు.

నీళ్ళలో ఉన్నప్పుడు కూడా తడే కదా. అంతకంటే తడి ఇంకేముంటుంది. మరి అప్పుడెందుకు అంటుకోలేదు?

ఈసారి బ్రష్షుని చాలా నెమ్మదిగా, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా పైకి తీస్తూ ముక్కు గ్లాసుకి ఆనేంత దగ్గరగా చూశాడు. వెంట్రుకల మధ్య నీళ్ళు సన్నటి పొరలా నిలిచాయి. ఆ పొర కిందికి దిగుతూ ఉంటే రెండు పక్కల వెంట్రుకలూ దాంతోపాటే లోపలికి వంగాయి. నీళ్ళు పోయాయి. పోతూ పోతూ వెంట్రుకల్ని దగ్గరికి లాగేసి పోయాయి.

మస్తాన్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక చిన్నగా నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఆమ్లాన్ని తిట్టాడు. లోహం అమ్మిన వాణ్ణి తిట్టాడు. చక్రాన్ని తిట్టాడు. తెల్లారి లేస్తే తన చేతుల్ని తానే తిట్టుకున్నాడు. నీళ్ళని మాత్రం ఒక్క మాట అనలేదు.

మేడమ్ గదికి పరుగెత్తాడు. ఆవిడ డబ్బా కడిగి బోర్లిస్తున్నారు. ఆమ్లం కాదు మేడమ్, నీళ్ళు, అని ఆయాసపడుతూ చెప్పాడు. ఏం చేస్తావని ఆవిడ అడిగారు. నీళ్ళ బదులు ఆల్కహాల్లో ఉంచి ఆరబెడతాను, అది నీళ్ళంత గట్టిగా లాగదు అన్నాడు. అయితే ఇక్కడ నిలబడ్డావేం అన్నారు ఆవిడ.

ఆ సాయంత్రమే ఒక ముక్కని నీళ్ళలోంచి తీసి తిన్నగా ఆల్కహాల్లో వేశాడు. వేసిన కాసేపటికే, ఇంకా ఆరబెట్టకముందే, ముక్క అడ్డంగా చిట్లింది. రెండోది వేశాడు. అదీ చిట్లింది. ఆరబెడితే ఆ పెంకుల్లో అక్కడక్కడ చిల్లులు కనపడ్డాయి గాని, పట్టుకుంటే వేళ్ళ మధ్య పొడి అయిపోయాయి.

మర్నాడు మేడమ్ బస్సు దిగి కొండ ఎక్కుతుంటే ఎదురెళ్ళి సంగతి చెప్పాడు. ఆవిడ సంచీ అతని చేతికిచ్చి, మెట్లు ఎక్కుతూ, ఆయాసానికి మధ్యలో ఆగి అన్నారు.

"దాన్ని నీళ్ళకి అలవాటు చేసింది నువ్వే కదయ్యా. ఇప్పుడు తొందర పెడితే ఎలా?"

అంతకు మించి ఏమీ చెప్పలేదు. మిగతా మెట్లన్నీ రాజోలులో వాళ్ళ చెల్లెలి ఇంట్లో కాసిన పనస చెట్టు గురించి మాట్లాడుతూ ఎక్కారు.

ఈసారి మస్తాన్ తొందరపడలేదు. కొత్త ముక్కని నీళ్ళలోనే ఉంచాడు. పొద్దున గ్లాసులోంచి కాసిని నీళ్ళు తీసేసి కాస్త ఆల్కహాలు పోశాడు. సాయంత్రం ఇంకాస్త తీసి ఇంకాస్త పోశాడు. ముక్కకి తెలియనంత నెమ్మదిగా గ్లాసులో నీళ్ళు తగ్గుతూ వచ్చాయి, ఆల్కహాలు పెరుగుతూ వచ్చింది. మధ్యలో చెయ్యడానికి ఏమీ లేదు. ఊరికే ఉండటం అతనికి ఎప్పుడూ చేతకాలేదు, ఈ వారంలో కాస్త వచ్చింది. కిటికీలోంచి ఓడలు చూశాడు. జూనియర్లు వచ్చి ఏదో అడిగితే చెప్పాడు. చక్రాన్ని మెత్తని బట్టతో తుడిచాడు. క్యాంటీన్‌కి వెళ్ళి టీ కూడా తాగాడు. ఫోటో ఏమైందని టీ పోసే ఆయన అడిగితే, ఆరుతోంది బాబాయ్ అన్నాడు.

చివరికి గ్లాసులో నీళ్ళంటూ మిగల్లేదు. ముక్కని బ్రష్షుతో ఎత్తి చిన్న పళ్ళెంలో పెట్టి, పైన మూత వారగా మూసి, ఫ్యాను గాలి తగలని మూల పెట్టాడు. దీపం పెట్టలేదు. దానంతటది ఆరింది.

మైక్రోస్కోపు తెర మీద మొదట బూడిద రంగు మసక కనపడింది. అతను స్పష్టత సరిచేశాడు. సరిచేసి, చెయ్యి మీట మీదే ఉంచి, అలాగే ఉండిపోయాడు. చిల్లులు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి, దాంట్లోంచి ఇంకోదాంట్లోకి, పగడపు దిబ్బలాగ అల్లిబిల్లిగా, తెర అంచుల దాకా. సన్నటి గోడలు ఒక్కటీ ఒరగకుండా నిలబడి ఉన్నాయి.

ఫోటోలు తీశాడు. ఒకటి నాన్నకి పంపాడు. మంచి చిల్లులేరా, మన దుప్పట్ల కంటే బాగున్నాయి అని ఆయన ఫోను చేసి చెప్పాడు. శాఖాధిపతి గారు ఫోటోని దగ్గరగా చూసి, దూరంగా పెట్టి చూసి, కంప్యూటర్లకి ఇంకో గది చూద్దాంలెండి అన్నారు. ఆయన అతణ్ణి అండి అనడం అదే మొదటిసారి.

ఫోటో పట్టుకుని మస్తాన్ మేడమ్ గదికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఫోటో అందుకుని, కళ్ళజోడు తుడుచుకుని చూడటం మొదలుపెట్టారు. ఆవిడ చూస్తున్నంతసేపూ ఏం చెయ్యాలో తోచక మస్తాన్ గది నాలుగు వైపులా చూశాడు.

గోడ బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. అరలు నాలుగూ బోసిగా ఉన్నాయి. బల్ల సొరుగు సగం తెరిచి ఉంది. అందులోనూ ఒక పెన్ను తప్ప ఏమీ లేదు. ఇది ఒక్కరోజులో ఖాళీ అయిన గది కాదు. రోజూ వస్తున్నాడు, నిలబడి మాట్లాడుతున్నాడు, వెళ్తున్నాడు. ఎప్పుడూ కంటపడలేదు.

"మీ పుస్తకాలన్నీ ఏవి మేడమ్?"

"నీ బల్ల మీద చూసుకో."

అవును. ఉగాది దాటినప్పటి నుంచీ ఆవిడ ఒక్కొక్కటే, ఇది చదివి చూడు అని ఇచ్చినవి. తిరిగి ఇవ్వబోతే నీ దగ్గరే ఉండనీ అన్నవి. అతని బల్ల వెనక గోడ వారగా అవన్నీ నిలువెత్తున పేరుకుని ఉన్నాయి. కొలిమి గది తాళంచెవి అతని జేబులో ఉంది. దాన్ని ఎప్పుడు ఇచ్చారో గుర్తులేదు. ఆమ్లాలు తెప్పించే చీటీల మీద చాలా రోజులుగా అతనే సంతకం పెడుతున్నాడు. జూనియర్లు ఏదైనా కావాలంటే ఈ గదికి రావడం మానేసి, తిన్నగా అతని దగ్గరికే వస్తున్నారు. దాన్ని గురించి అతను ఎన్నడూ ఆలోచించలేదు.

"నేను ఇంకోలా అనుకున్నాను మేడమ్," అన్నాడు. "మీకు మా పని మీద మనసు విరిగిపోయిందేమో అని..."

ఆవిడ ఫోటోలోంచి తల ఎత్తలేదు. గోటితో ఒక గోడ వెంబడే నెమ్మదిగా గీస్తూ, అది మలుపు తిరిగిన చోట తనూ తిరుగుతూ, ఇంకో గోడ మీదికి వెళ్ళారు.

"బాగా నిలబడ్డాయి," అన్నారు.

కిటికీ అవతల ఒక ఓడ బయల్దేరి మెల్లగా వెళ్తోంది. ఆవిడ ఫోటోని అతని చేతిలో పెట్టి, కళ్ళజోడు తీసి మడిచారు.

"నీళ్ళు చెడ్డవి కావయ్యా. ఎలా వెళ్ళాలో వాటికి తెలీదు, అంతే."